స్మార్ట్‌ఫోను ఎదుగుదల ఎందుకు మందగించినది?

హైదరాబాదు నుండి వికారాబాదు పోవు రహదారి మీద మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ల వచ్చును. మర్రిచెట్లకు పేరుపొందిన ఈ దారిన నేను ప్రతిదినము బస్సులో ప్రయాణము చేయుదును. ఒకనాటి సాయంకాలము చేవెళ్ల బస్సుస్టాండులో మా విద్యార్థిని ఒకామె తన తండ్రితో కనబడినది. ఆయన టమాటా, బంతిపూలు పండించు రైతు. చేతిలో మూడేండ్లనాటి స్మార్ట్‌ఫోను ఉన్నది. మధ్యాహ్నమునకే దాని చార్జి అయిపోవుచున్నదట. దుకాణములో అడిగినచో, "ఇది పాతబడ్డది, కొత్తది తీస్కో, నెలనెలా కట్టుకో" అని చెప్పిరట. ఆ రైతు నన్ను ఒకే ప్రశ్న అడిగెను.

"సారూ, మీరు సైన్సు చెప్తరు గద. కొత్త ఫోన్ల నిజంగ కొత్తది ఏమన్న ఉన్నదా? అప్పు జేసి కొంటె, పెట్టిన పైసలకు తగ్గట్టు పనిజేస్తదా?"

కూతురు అందుకొన్నది. "మా ఇంట్ల మొదటి ఫోను కొన్నప్పుడు లోకమే మారినట్టుండె సార్. రెండోది కొన్నప్పుడు పెద్దగ తేడా ఏం తెల్వలే. ఇప్పుడు మూడోది. అది కూడ గట్లనే ఉంటదా?"

బస్సు వచ్చు లోపల నేను సమాధానము చెప్పలేకపోతిని. మరునాడు తరగతిలో చెప్పుటకు ప్రయత్నించితిని. ఆ సమాధానమునే ఇచట వివరించుచున్నాను.

పదేండ్ల పరుగు

2007 జనవరి 9వ తేదీన ఆపిల్ సంస్థ తన మొదటి ఐఫోనును ప్రకటించెను. దాని తెర మీద అడ్డముగ 320, నిలువుగ 480 చుక్కలు మాత్రమే ఉండెను. కెమెరా 2 మెగాపిక్సెళ్లది. దానితో చలనచిత్రము తీయుటకు వీలు లేకుండెను. బ్యాటరీ 1400 మిల్లీ ఆంపియరు-గంటలది. మరుసటి సంవత్సరము మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చినది. అటు తరువాత పదేండ్లలో తెరలు పెద్దవై స్పష్టమైనవి, కెమెరాలు మెరుగుపడినవి, వ్రేలిముద్రతో తెరచుకొను సదుపాయము వచ్చినది, దారి చూపు పటములు వచ్చినవి. మన దేశములో 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవ ప్రారంభము కాగా, పల్లెలో కూర్చున్నవానికి కూడ చౌకగ ఇంటర్నెట్ అందినది. అదే సంవత్సరము యూపీఐ చెల్లింపులు మొదలైనవి. కూరగాయలు అమ్మువాడు సైతము ఫోనుతో డబ్బు తీసికొను కాలము వచ్చినది.

ఇట్టి పదేండ్లను చూచినవారికి ఒక అలవాటు ఏర్పడుట సహజము. ప్రతి రెండేండ్లకు ఒక అద్భుతము రావలెనని ఆశించుచుందురు. కాని 2016 ప్రాంతమున ప్రపంచ స్మార్ట్‌ఫోను అమ్మకములు సంవత్సరమునకు సుమారు 147 కోట్లకు చేరి, అచటనుండి పెరుగుట మానినవి. 2023లో అవి సుమారు 117 కోట్లకు తగ్గినవి. 2024లో కొంచెము కోలుకొని 124 కోట్లైనవి. ఇందుకు ధరలు, ఆర్థిక పరిస్థితులు మున్నగు కారణములు పెక్కు కలవు. అయితే "ఉన్న ఫోను చాలును" అని జనులు అనుకొనుట వానిలో ముఖ్యమైనది. ఉన్నది ఎందుకు చాలుచున్నది? క్రొత్తది ఎందుకు మునుపటివలె ఆశ్చర్యపరచుట లేదు?

మక్కజొన్న చెప్పు పాఠము

ఈ ప్రాంతపు రైతు బిడ్డలకు మక్కజొన్న చేను తెలియనిది కాదు. విత్తిన క్రొత్తలో మొక్క నెమ్మదిగ పెరుగును. తరువాత ఒక నెల రోజులు దాని పరుగు చూడవలెను; నిన్న మోకాలెత్తు ఉన్నది నేడు నడుమెత్తు వచ్చినట్లు తోచును. సుమారు రెండు నెలలకు మగపూత పైకి వచ్చును. అంతటితో ఎత్తు పెరుగుట ఆగిపోవును. ఎత్తునకు, కాలమునకు రేఖాపటము గీసినచో అది ఇంగ్లీషు అక్షరము ఎస్ ఆకారములో వచ్చును.

యంత్రముల ఎదుగుదల కూడ తరచుగ ఇట్లే ఉండును. మొయినాబాదులో నిలబడి తల యెత్తినచో శంషాబాదు నుండి లేచిన విమానములు కనబడును. వాని చరిత్ర చూడుడు. 1903లో రైట్ సోదరుల విమానము మొదటిసారి ఎగిరినది 12 సెకనులు. పోయిన దూరము సుమారు 37 మీటర్లు. 1958 నాటికి బోయింగ్ 707 విమానము గంటకు 900 కిలోమీటర్లకు పైబడిన వేగముతో అట్లాంటిక్ సముద్రమును దాటుచుండెను. ఆ లెక్కన నేడు ఎంత వేగము ఉండవలెను? నేటి ప్రయాణికుల విమానము కూడ గంటకు ఇంచుమించు 900 కిలోమీటర్లే పోవుచున్నది. ధ్వని వేగమును సమీపించిన కొలది గాలి కలిగించు నిరోధము తీవ్రముగ పెరుగుటయే ఇందుకు కారణము. ధ్వనికి రెండింతల వేగముతో పోగల కాంకార్డు 1976 నుండి 2003 వరకు ప్రయాణికులను చేరవేసి, ఖర్చు భరింపరానిదై ఆగిపోయినది.

స్మార్ట్‌ఫోనునకు కూడ ఇట్టి హద్దులు కలవు. వానిలో నాలుగింటిని హైస్కూలు పాఠములతోనే లెక్క కట్టవచ్చును.

మొదటి హద్దు: మన కన్ను

ఒక చిన్న ప్రయోగము చేయుడు. తెల్లకాగితము మీద ఒక మిల్లీమీటరు వెడల్పు గల నల్లగీతలను, వాని నడుమ ఒక మిల్లీమీటరు ఎడము విడిచి గీయుడు. కాగితమును గోడకు అంటించి వెనుకకు నడువుడు. ఒక దూరమున గీతలు విడివిడిగ కనబడుట మాని బూడిదరంగు పట్టీగ కలిసిపోవును. మా తరగతిలో చాలమందికి ఇది మూడు, నాలుగు మీటర్ల మధ్య జరిగినది. మామూలు చూపు గల కన్ను, డిగ్రీలో అరువదవ వంతు కోణము వరకు వివరములను వేరుచేసి చూడగలదు. ఒక మిల్లీమీటరు ఎడము అంత కోణము చేయవలెనన్న దూరము సుమారు 3.4 మీటర్లు కావలెను.

ఇప్పుడు ఫోనును కంటికి 30 సెంటీమీటర్ల దూరమున పట్టుకొందుము. అదే నిష్పత్తిని వాడినచో, అచట కన్ను వేరుచేయగల కనిష్ఠ దూరము 0.087 మిల్లీమీటర్లు. అనగా అంగుళమునకు సుమారు 290 చుక్కలు. 2007 నాటి ఐఫోను తెరలో అంగుళమునకు 163 చుక్కలు మాత్రమే ఉండుటచే అక్షరముల అంచులు గరుకుగ కనబడెడివి. 2010లో వచ్చిన ఐఫోను 4లో అవి 326 అయినవి. ఆ మార్పును అందరి కండ్లు గుర్తించినవి. ఆ తరువాత చుక్కలు 400, 500 అయినను సాధారణమైన కంటికి తేడా తెలియుట లేదు. చూపు మిక్కిలి చురుకైనవారికి కొంచెము తెలియవచ్చును. తెర మెరుగుపడుట మానలేదు. మన కన్ను ఆ మెరుగును చూచుట మానినది.

రెండవ హద్దు: కాంతి స్వభావము

"200 మెగాపిక్సెళ్ల కెమెరా" అను ప్రకటనను మీరు చూచియుందురు. 2 నుండి 12కు పెరిగినప్పుడు కలిగిన మేలు 12 నుండి 200కు పెరిగినప్పుడు కలుగునా?

కాంతి తరంగము. అది సన్నని రంధ్రము గుండ పోవునప్పుడు అంచుల వద్ద వంగి విస్తరించును. దీనినే వివర్తనము అందురు. కావున కటకము ఎంత దోషరహితమైనను, దూరపు దీపపు చుక్క కెమెరాలో చుక్కగ పడక చిన్న గుండ్రని మచ్చగ పడును. ఆ మచ్చ వ్యాసమునకు సూత్రము: 2.44 × తరంగదైర్ఘ్యము × కటకపు ఎఫ్-సంఖ్య. ఆకుపచ్చని కాంతి తరంగదైర్ఘ్యము 0.55 మైక్రోమీటరు. ఎఫ్-సంఖ్య 1.8 అనుకొనినచో మచ్చ వ్యాసము సుమారు 2.4 మైక్రోమీటర్లు వచ్చును.

200 మెగాపిక్సెళ్ల సెన్సారులలో ఒక్కొక్క పిక్సెలు వెడల్పు సుమారు 0.6 మైక్రోమీటరు. అనగా ఒక్క కాంతిచుక్క, అడ్డముగ నాలుగు పిక్సెళ్లను కప్పివేయుచున్నది. జల్లెడ రంధ్రములు గింజ కంటె చిన్నవి చేసినంత మాత్రమున గింజలు సన్నపడవు గదా! నిజముగ స్పష్టత పెరుగవలెనన్న కటకము, సెన్సారు పెద్దవి కావలెను. అయితే జేబులో పట్టవలసిన ఫోను మందము ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లే. అందుచేతనే కంపెనీలు ప్రక్క ప్రక్క పిక్సెళ్లను కలిపి ఒకటిగ లెక్కించుట, వరుసగ తీసిన పెక్కు చిత్రములను గణనతో ఒకటి చేయుట మొదలైన ఉపాయములను అవలంబించుచున్నవి. రాత్రిపూట తీసిన ఫోటోలు బాగుపడుటకు ఇవి చాల తోడ్పడినవి.

మూడవ హద్దు: బ్యాటరీ రసాయనము

లిథియము-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ అంగడికి తెచ్చినది. దానికి పునాది వేసిన గూడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. ఈ బ్యాటరీని చార్జి చేయునప్పుడు లిథియము అయానులు గ్రాఫైటు పొరల నడుమకు పోయి చేరును. ఆరు కార్బను పరమాణువులకు ఒక లిథియము చొప్పున మాత్రమే అచట చోటు కలదు.

ఇక లెక్క చూతము. ఆరు మోలుల కార్బను తూకము 72 గ్రాములు. అది ఒక మోలు లిథియమును, అనగా 96,485 కూలుంబుల ఆవేశమును నిలువచేయును. ఒక మిల్లీ ఆంపియరు-గంట అనగా 3.6 కూలుంబులు. భాగించినచో 26,800 మిల్లీ ఆంపియరు-గంటలు వచ్చును. దీనిని 72తో భాగించినచో, గ్రాము గ్రాఫైటునకు 372. ఏ కంపెనీ అయినను, ఎంత ఖర్చు చేసినను గ్రాఫైటుతో ఈ అంకెను దాటజాలదు. మంచి బ్యాటరీలు ఇప్పటికే దీనికి చేరువలో ఉన్నవి.

గ్రాఫైటునకు బదులు సిలికాను వాడినచో గ్రామునకు దాదాపు పదింతలు నిలువచేయవచ్చును. కాని లిథియమును గ్రహించినప్పుడు సిలికాను మూడు, నాలుగింతలుగ ఉబ్బి, పలుమార్లు చార్జి చేయగ పగిలిపోవును. కార్బనుతో కొద్దిగ సిలికానును కలిపిన బ్యాటరీలు 2023 నుండి కొన్ని ఫోనులలో వచ్చుచున్నవి. ఇది నిజమైన ముందడుగు. కాని ఇట్టి అడుగు పడుటకు మూడు దశాబ్దములు పట్టినదని గుర్తుంచుకొనవలెను.

నాలుగవ హద్దు: వేడి

ఒక చిప్పులో పట్టు ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటేట రెట్టింపగునని 1965లో గార్డన్ మూర్ ఊహించెను. 1975లో దానిని రెండేండ్లకు ఒకసారి అని సవరించెను. 2013లో ఆపిల్ ఎ7 చిప్పులో 100 కోట్లకు పైగ ట్రాన్సిస్టర్లు ఉండగా, 2023లో ఎ17 ప్రో చిప్పులో 1,900 కోట్లు ఉన్నవి. కనుక ఈ పెరుగుదల ఆగలేదు. ఆగినది మరియొకటి. ట్రాన్సిస్టరును చిన్నది చేసినప్పుడు అది వాడు విద్యుత్తు కూడ అదే నిష్పత్తిలో తగ్గునని 1974లో డెన్నార్డ్ బృందము చూపినది. ఈ సౌకర్యము 2005 ప్రాంతమున ముగిసినది. పొరలు మిక్కిలి పలుచనైనప్పుడు, ట్రాన్సిస్టరును ఆపివేసినను కొంత విద్యుత్తు కారిపోవుచుండును. ఆ విద్యుత్తు వేడిగ మారును.

కంప్యూటరులో పంకా పెట్టవచ్చును. చేతిలోని ఫోనులో సాధారణముగ పంకా ఉండదు. చేయి కాలకుండ ఫోను బయటికి పంపగల వేడి కొద్ది వాట్లు మాత్రమే. పైగా 5000 మిల్లీ ఆంపియరు-గంటల బ్యాటరీలో ఉండు శక్తి సుమారు 19 వాట్-గంటలు. చిప్పు ఎడతెగక 4 వాట్లు వాడినచో ఐదు గంటలలోపే బ్యాటరీ ఖాళీ అగును. అందుచే చిప్పు తన పూర్తి వేగమును కొద్ది క్షణములు మాత్రమే చూపి, వెంటనే తగ్గించుకొనును.

మనసు కొలత

ఇంతవరకు ఫోను సంగతి. ఇక ఫోను కొనువాని సంగతి చూడవలెను.

ఒక చేతిసంచిలో కిలో టమాటాలున్నవనుకొందుము. దానిలో మరి నూరు గ్రాములు వేసినచో చేతికి తెలియును. అదే నూరు గ్రాములను 25 కిలోల టమాటా పెట్టెలో వేసినచో, మోయువానికి ఏమియు తెలియదు. మనము గుర్తింపగల తేడా, ముందున్న పరిమాణమునకు ఒక నిష్పత్తిలో ఉండునని 19వ శతాబ్దములో జర్మను శాస్త్రజ్ఞుడు వేబర్ కనుగొనెను.

ఫోను విషయములో రెండు సంగతులు జరుగుచున్నవి. మొదటిది: ఒక పని నాలుగు సెకనుల నుండి రెండు సెకనులకు తగ్గినప్పుడు మనకు రెండు సెకనులు మిగిలినవి. సెకనులో పదవ వంతు నుండి ఇరువదవ వంతునకు తగ్గినప్పుడు కూడ వేగము రెట్టింపైనట్లే; కాని మిగిలిన కాలము మన అనుభవమునకు అందదు. రెండవది: పొందిన సౌఖ్యమునకు మనసు త్వరగ అలవాటుపడును. నిన్నటి అద్భుతము నేటి మామూలగును. హద్దుల వలన ఇచ్చునది తగ్గుచుండగా, అలవాటు వలన ఆశించునది పెరుగుచున్నది. ఈ రెంటి నడుమ ఎడమును పూరించుటకే ప్రకటనలు, వాయిదాలు, పేరు చివర ఒక అంకె పెంచిన క్రొత్త నమూనాలు పుట్టుచున్నవి. మడిచిపెట్టు తెరలు 2019 నుండి వచ్చుచున్నవి. కృత్రిమ మేధ సదుపాయములు కూడ ఇటీవల వచ్చినవి. ఇవి క్రొత్తవియే. కాని మేధ సదుపాయములలో చాల భాగము దూరమున ఉన్న కంప్యూటర్లలో పనిచేయుచున్నవి. వాని కొరకు చేతిలోని ఫోనును మార్చవలసిన అవసరము అన్నివేళల ఉండదు.

కంకి నిండు కాలము

ఎదుగుదల ఆగుట నష్టమా? తిరిగి మక్కచేనులోనికి పోవుదము. ఎత్తు పెరుగుట ఆగినదని ఏ రైతైనను విచారించునా? అటు తరువాతనే గదా కంకి పుట్టి, గింజ పాలుపోసుకొని, గట్టిపడునది! విమానములు కూడ వేగము పెరుగుట ఆగిన తరువాతనే తక్కువ ఇంధనముతో, తక్కువ ప్రమాదములతో, సామాన్యునికి అందు ధరలో పోవుట నేర్చినవి.

ఫోనులలో గింజ అనదగినది మన్నిక. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనునకు, 2024 జనవరిలో సామ్‌సంగ్ తన గెలాక్సీ ఎస్24 ఫోనునకు ఏడేండ్లపాటు సాఫ్ట్‌వేరు సవరణలు ఇత్తుమని ప్రకటించినవి. ఇవి ఖరీదైన ఫోనులు. చౌక ఫోనులకు ఇంకను ఇంత కాలము లభించుట లేదు. యూరోపియన్ యూనియనులో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, ఫోను బ్యాటరీ 800 సార్లు చార్జి చేసిన తరువాత కూడ తొలి సామర్థ్యములో 80 శాతము నిలుపుకొనవలెను. మన దేశములో 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది.

పరిశ్రమకు కూడ ఇది దారి మారు కాలము. తెలుగునాట ఫోనుల తయారీ క్రొత్త కాదు. 2015 ఆగస్టులో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారములో కూర్చిన షియోమీ ఫోనును విశాఖపట్టణములో విడుదల చేసిరి. అదే ఫాక్స్‌కాన్ మన రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో 2023లో శంకుస్థాపన చేసిన కర్మాగారము మాత్రము ఫోనుల కొరకు గాక, ఆపిల్ చెవిఫోనుల కొరకు ఏర్పడినది. మా విద్యార్థులలో ఈ రంగమున బ్రతుకుతెరువు వెదుకువారు, ఫోను చుట్టును ఉన్న విడిభాగములు, బ్యాటరీ రసాయనము, మరమ్మతు అను విద్యలను కూడ నేర్వవలెనని నా అభిప్రాయము.

రైతునకు చెప్పిన సమాధానము

తరగతి ముగిసిన పిమ్మట మేము మూడు ప్రశ్నలు వ్రాసికొంటిమి.

ఒకటి: చెడినది ఫోనా, ఫోనులో ఒక భాగమా? బ్యాటరీ అరుగు వస్తువు. కొన్ని వందల సార్లు చార్జి చేసిన తరువాత దాని బలము తగ్గుట ప్రకృతి. వేడి తగిలినచో మరింత త్వరగ తగ్గును.

రెండు: భద్రతా సవరణలు ఇంకను వచ్చుచున్నవా? ఫోనుతో డబ్బు చెల్లించువారికి ఇది ముఖ్యము. సవరణలు ఆగిపోయినచో, పైకి బాగుగ కనబడు ఫోను కూడ తాళము పాడైన పెట్టె వంటిది.

మూడు: పాత ఫోను చేయలేని, మనకు నిజముగ అవసరమైన పని ఏది? పేరు పెట్టి కాగితము మీద వ్రాయవలెను. వ్రాయుటకు ఏమియు తోచనిచో, కోరిక ఫోనుది కాదు, ప్రకటనది.

ఆ అమ్మాయి ఈ ప్రశ్నలను ఇంటికి తీసికొనిపోయినది. ఆమె తండ్రి ఫోనునకు సవరణలు ఇంకొక సంవత్సరము వచ్చునని తేలినది. క్రొత్త ఫోను ధరలో చిన్న భాగముతో బ్యాటరీ మార్పించిరి. కొన్నాళ్లకు ఆయన మరల బస్సుస్టాండులో కనబడి, "రాత్రి దాంక నడుస్తున్నది సారూ. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూస్త" అనెను. నెలనెల వాయిదా బాధ ఆ ఇంటికి తప్పినది.

ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో చేయించవచ్చును. కావలసినది ఒక కాగితము, ఒక కొలబద్ద, పిల్లల చేతులలోనే ఉన్న ఫోనుల వివరములు. క్రొత్త వస్తువు వచ్చినప్పుడు ఆశ్చర్యపడుట మంచిదే. ఆ ఆశ్చర్యమునకు వెల కట్టుటకు ముందు కొలిచి చూచుట అంతకంటె మంచిది.